మార్తా మాల్ట్ దొరసానిగారు

నరసాపురము ప్రాంతమున మన స్త్రీలు బల్లగుడ్డల అంచులకు కొక్కెపు సూదితో లేసు అల్లుదురు. మార్తా మాల్ట్ దొరసానిగారు నేర్పిన విధము వేరు. లండన్ మిషను పక్షమున 1819లో భర్తతోకూడ ఆమె తిరువాన్కూరు దేశములోని నాగర్‌కోయిలుకు వచ్చి, బాలికలకు చదువుతోపాటు లేసుపని నేర్పెను. గట్టి దిండుమీద గుండుసూదులు గ్రుచ్చి, దారపు కండెలను అటునిటు మార్చుచు అల్లవలెను. చేయి మాసినయెడల పని చెడును.

ఆ బాలికలలో కొందరు బానిసల బిడ్డలు. లేసు అమ్మిన సొమ్మును యజమానులకు చెల్లించి వారు విడుదల పొందిరి. ఆ దేశములో బానిసత్వము రద్దయినది 1855లో గదా! దొర్కా కుట్టిన అంగీల సంగతి చదువునప్పుడెల్లను మాకు ఈమె జ్ఞప్తికి వచ్చును.

ఆమె కుమార్తె ఎలైజా 1844లో కాల్డ్వెల్ దొరగారిని వివాహమాడి, ఇడయన్‌గుడి స్త్రీలకు ఈ పనినే నేర్పెను. తెలుగు మొదలగు ద్రావిడ భాషల వ్యాకరణము వ్రాసినవారు ఆ దొరగారే.