నడవలేని అధ్యక్షుడు.. 30 లక్షల మంది కుర్రాళ్లను అడవి బాట పట్టించారు!

అమెరికాకు నాలుగుసార్లు అధ్యక్షుడిగా ఎన్నికైన ఒకే ఒక్క నేత ఫ్రాంక్లిన్ డెలానో రూజ్‌వెల్ట్. ఆయన పేరు చెప్పగానే మహామాంద్యం, రెండో ప్రపంచ యుద్ధం గుర్తొస్తాయి. కానీ ఆయనకు మనసుకు బాగా దగ్గరైన పని ఇంకొకటి ఉంది. తిండికి లేక రోడ్డున పడ్డ కుర్రాళ్లను అడవులకు పంపి, చెట్లు నాటించి, ఆ కష్టానికి జీతం ఇవ్వడం. తొమ్మిదేళ్లలో దాదాపు 30 లక్షల మంది యువకులు ఆ శిబిరాల్లో పనిచేశారు. విశేషం ఏంటంటే.. వాళ్లను కొండలెక్కించిన ఆ మనిషి, ఎవరి సాయం లేకుండా పది అడుగులు కూడా వేయలేరు. ఆ కథేంటో చూద్దాం.

రెండు బొమ్మలు.. ఒక పాఠం

రూజ్‌వెల్ట్ 1882 జనవరి 30న న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ పార్క్‌లో పుట్టారు. సంపన్న కుటుంబం, తల్లి సారాకు ఒక్కగానొక్క కొడుకు. హడ్సన్ నది ఒడ్డున పెద్ద ఎస్టేట్. చిన్నప్పుడు ఆయన లోకమంతా ఆ చెట్లూ పక్షులే.

1911లో న్యూయార్క్ రాష్ట్ర సెనేట్‌లో అడుగుపెట్టాక అడవులు, చేపలు, వేటకు సంబంధించిన కమిటీ బాధ్యత ఆయనకు దక్కింది. మరుసటి ఏడాది అటవీ నిపుణుడు గిఫర్డ్ పించోను సభకు పిలిపించారు. పించో వచ్చి చైనాలోని ఓ లోయవి రెండు బొమ్మలు చూపించారు. ఒకటి వందల ఏళ్ల కిందటి చిత్రం.. నిండా పచ్చదనం, పారే ఏరు, ఊరు. రెండోది అదే చోట తీసిన ఫొటో.. చెట్లు కొట్టేశాక మట్టి కొట్టుకుపోయి మిగిలిన రాళ్లగుట్ట. ఆ బొమ్మలను రూజ్‌వెల్ట్ జీవితాంతం మర్చిపోలేదు. తన ఎస్టేట్‌లోని నిస్సారమైన పొలాల్లో ఏటా మొక్కలు నాటించడం మొదలుపెట్టారు. చివరికి ఆ లెక్క 5 లక్షలు దాటింది. అధ్యక్షుడయ్యాక కూడా ఓటు వేయడానికి వెళ్లినప్పుడు వృత్తి అడిగితే చెట్లు పెంచుతానని రాయించేవారు.

కాళ్లు పడిపోయిన ఆ ఆగస్టు

1921 జులై చివర్లో రూజ్‌వెల్ట్ న్యూయార్క్ దగ్గర్లోని బేర్ మౌంటెన్‌లో బాయ్ స్కౌట్ల శిబిరానికి వెళ్లారు. నగరంలోని పేద పిల్లలను అడవి గాలికి తీసుకెళ్లే స్కౌట్ ఉద్యమంలో ఆయన చురుగ్గా ఉండేవారు. పోలియో వైరస్ ఆయనకు అక్కడే సోకి ఉంటుందని చాలామంది చరిత్రకారుల అంచనా.

రెండు వారాలు తిరక్కుండానే, ఆగస్టు 10న కెనడాలోని కాంపోబెల్లో దీవి దగ్గర పిల్లలతో పడవలో వెళ్తుంటే ఓ చిన్న దీవిలో మంటలు కనిపించాయి. పడవ ఆపి, చెట్టుకొమ్మలు విరిచి, గంటల తరబడి కొట్టి ఆ మంటలు ఆర్పారు. తర్వాత ఈత కొట్టి, పరుగున ఇంటికి చేరారు. ఆ రాత్రి చలి, నీరసం. రెండు రోజులు తిరిగేసరికి కాళ్లలో సత్తువ పూర్తిగా పోయింది. అప్పటికి ఆయన వయసు 39. ఆ తర్వాత ఇనుప పట్టీలు, వీల్‌చైరే ఆధారం అయ్యాయి.

అయినా రాజకీయం వదల్లేదు. 1929లో న్యూయార్క్ గవర్నర్ అయ్యారు. అదే ఏడాది మాంద్యం ముంచుకొచ్చింది. 1932 నాటికి రాష్ట్రంలో 10 వేల మంది నిరుద్యోగులకు మొక్కలు నాటే పని ఇప్పించారు. రాబోయే పెద్ద పథకానికి అది రిహార్సల్ లాంటిది.

సంతకం నుంచి శిబిరం దాకా.. 17 రోజులే!

1933 మార్చి 4న రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. అప్పటికి అమెరికాలో ప్రతి నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. ఇంట్లో భారం కాకూడదని గూడ్సు రైళ్లెక్కి ఊళ్లు పట్టుకు తిరుగుతున్న టీనేజర్లే దాదాపు 2.5 లక్షల మంది ఉంటారని అప్పటి అంచనా. మరోపక్క అడవులు నరికేసి, దున్నిన నేలలు గాలికి ఎగిరిపోతున్నాయి. ఈ రెండు నష్టాలనూ ఒకే పనితో పూడ్చాలన్నది ఆయన ఆలోచన.

మార్చి 31న బిల్లుపై సంతకం పెట్టారు. ఏప్రిల్ 17న వర్జీనియా అడవిలో తొలి శిబిరం మొదలైంది. ఈ పథకమే సివిలియన్ కన్జర్వేషన్ కోర్.. అందరూ పిలిచే పేరు సీసీసీ. కుర్రాళ్లను ఎంపిక చేసేది కార్మిక శాఖ, శిబిరాలు నడిపేది సైన్యం, పని చూపించేది వ్యవసాయ, అంతర్గత శాఖలు. జులై నాటికి సుమారు 2.75 లక్షల మంది శిబిరాలకు చేరిపోయారు.

మొదట్లో 18 నుంచి 25 ఏళ్ల అవివాహితులను తీసుకున్నారు. తర్వాత కనీస వయసు 17కి తగ్గించారు. నెల జీతం 30 డాలర్లు. ఇక్కడే ఉంది అసలు మెలిక. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్లిపోతాయి, కుర్రాడి చేతికి 5 డాలర్లే. ఆ పాతిక డాలర్లతో ఊళ్లో తల్లి సరుకులు కొనేది. ఆ సొమ్ముతో ఊరి కొట్టు కూడా నిలబడేది.

మొక్కలు నాటడం, మట్టి కోతకు గట్లు కట్టడం, మంటలు ఆర్పడం, పార్కుల్లో బాటలు వేయడం.. వారానికి 40 గంటల పని. సాయంత్రం చదువు. వేల మంది చదవడం, రాయడం నేర్చుకున్నది ఆ శిబిరాల్లోనే. మొత్తం నాటిన చెట్లు దాదాపు 300 కోట్లు. వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు ఆకులు రంగు మారే కాలంలో వెళ్లే షెనాండోవా పార్కు తెలుసు కదా.. అక్కడి స్కైలైన్ డ్రైవ్ పక్కన రాతి గోడలు కట్టిందీ, వాలుల్లో చెట్లు నాటిందీ ఈ కుర్రాళ్లే. 1933 ఆగస్టు 12న రూజ్‌వెల్ట్ స్వయంగా అక్కడి శిబిరాలకు వెళ్లి వాళ్లతో కలిసి భోజనం చేశారు.

వెలుగు వెనుక చీకటి

అయితే అంతా గొప్పగానే సాగిందనుకుంటే పొరపాటే. రోజుకు డాలరు కూలీ ఇస్తే మిగతా వాళ్ల కూలీ పడిపోతుందని కార్మిక సంఘాలు మొదట్లోనే మండిపడ్డాయి. వాళ్లను శాంతపరచడానికి కార్మిక నాయకుడైన రాబర్ట్ ఫెక్నర్‌నే పథకానికి అధిపతిని చేశారు రూజ్‌వెల్ట్.

జాతి, రంగు, మతం చూడకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. అప్పట్లో కాంగ్రెస్‌లో ఉన్న ఏకైక నల్లజాతి సభ్యుడు ఆస్కార్ డి ప్రీస్ట్ పట్టుబట్టి చేర్పించిన నిబంధన అది. కానీ 1935లో ఫెక్నర్ నల్లజాతి కుర్రాళ్లకు వేరు శిబిరాలు ఉండాలని ఆదేశించారు. దక్షిణాది నేతల ఓట్లు కావాల్సిన రూజ్‌వెల్ట్ దాన్ని ఆపలేదు. 2 లక్షల మందికి పైగా నల్లజాతి యువకులు చేసిన పని ఒకటే అయినా, చాలామంది ఉన్న చోటు మాత్రం వేరు.

అమ్మాయిలకు సీసీసీలో చోటే లేదు. ఆయన భార్య ఎలినార్ పట్టుదలతో బేర్ మౌంటెన్ ప్రాంతంలో మహిళల కోసం ఓ శిబిరం మొదలైంది. తర్వాత అలాంటివి 90 వరకు వచ్చినా మొత్తం చేరింది దాదాపు 8,500 మందే. అబ్బాయిల స్థాయి జీతమూ లేదు. పత్రికలు ఆ శిబిరాలను చూసి ఎగతాళి చేశాయి.

పని కూడా ప్రమాదం లేనిది కాదు. 1937 ఆగస్టులో వ్యోమింగ్‌లోని బ్లాక్‌వాటర్ కార్చిచ్చులో 15 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది సీసీసీ కుర్రాళ్లే. ఇక మట్టిని పట్టి ఉంచుతుందని దక్షిణాదిలో నాటిన కుడ్జు తీగ, తర్వాత చెట్లనే కమ్మేసే కలుపుగా మారి ఇప్పటికీ వేధిస్తోంది.

ఆగిన పథకం.. ఆగని బాట

సీసీసీని శాశ్వతం చేయాలని రూజ్‌వెల్ట్ గట్టిగా ప్రయత్నించారు. 1937లో కాంగ్రెస్ ఒప్పుకోలేదు, గడువు మాత్రం పొడిగించింది. ఇంతలో యుద్ధం వచ్చింది. కుర్రాళ్లు సైన్యంలో చేరారు, ఫ్యాక్టరీల్లో పనులు దొరికాయి. 1942 మధ్యలో నిధులు ఆగిపోయాయి. 1945 ఏప్రిల్ 12న, తాను పైన్ మొక్కలు నాటించిన జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లోనే రూజ్‌వెల్ట్ కన్నుమూశారు. హైడ్ పార్క్‌లో ఇంటి పక్కన గులాబీ తోటలో ఆయనను ఖననం చేశారు.

ఆయన వేసిన బాట మాత్రం చెరిగిపోలేదు. 1955లో వాసర్ కాలేజీ విద్యార్థిని ఎలిజబెత్ కుష్మన్ సీసీసీని ఆదర్శంగా తీసుకుని, విద్యార్థులను పార్కుల పనికి పంపాలని తన థీసిస్‌లో రాశారు. రెండేళ్లకే అది నిజమైంది. ఒలింపిక్, గ్రాండ్ టిటన్ పార్కుల్లో విద్యార్థులు పనిలోకి దిగారు. 1970లో సెనేటర్ హెన్రీ జాక్సన్ చొరవతో యూత్ కన్జర్వేషన్ కోర్ చట్టం వచ్చింది. 15 నుంచి 18 ఏళ్ల వాళ్లకు వేసవి సెలవుల్లో అడవులు, పార్కుల్లో జీతంతో కూడిన పని. బాటలు బాగుచేయడం, కంచెలు వేయడం, కలుపు మొక్కలు పీకడం.. ఇంచుమించు తాతల తరం చేసిన పనే.

తేడా ఒక్కటే. 1933లో ఆడపిల్లలకు తలుపు మూసి ఉంది, 1935లో నల్లజాతి పిల్లలను పక్కన పెట్టారు. ఈ చట్టంలో అలాంటి గీతలేవీ లేవు. రూజ్‌వెల్ట్ చేయకుండా వదిలేసిన పని అది. అందుకు సీసీసీ మొదలయ్యాక ఇంకో 37 ఏళ్లు పట్టింది.