మంచం పట్టి లేచిన పెద్దాయన: హ్యాండ్సమ్ లేక్

ఆగస్టు 9న మనం ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటాం. 1982లో ఆ రోజే ఆదివాసుల సమస్యలపై ఐక్యరాజ్యసమితి కార్యవర్గం జెనీవాలో మొదటిసారి కూర్చుంది. ఈ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాయమని సంఘం పెద్దలు అడిగారు. బిర్సా ముండా, కొమురం భీం గురించి మీరు ఏటా చదువుతూనే ఉన్నారు. అందుకే ఈసారి సముద్రాల అవతల ఉన్న మన బంధువు ఒకాయన గురించి రాస్తున్నాం. ఆయన ఉద్యమకారుడిగా పుట్టలేదు, చాలాకాలం తాగుబోతుగా బతికాడు.

ఆయన్ను ఎంచుకోవడానికి కారణం మా హాస్టల్లో ఉంది. సెలవులయ్యాక పిల్లలు ట్రంకు పెట్టెలతో పాటు ఇంటి సంగతులు కూడా మోసుకొస్తారు. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె రాత్రి స్టడీ అవర్ అయ్యాక మా దగ్గరికి వచ్చి, నాన్న తాగుడు మానేస్తానంటున్నాడు, మొదట ఏం చేయాలి మేడమ్ అని అడిగింది. మానమని చెప్పడం మాకు తెలుసు. ఎలా మానాలో చెప్పడం తెలియదు. మేము చదివిన బీఈడీలో ఆ పాఠం లేదు. ఆ తర్వాత వెతుక్కుని చదివిన వాటిలో మాకు దొరికిన మనిషి ఈయన.

ఉత్తర అమెరికాలో ఇరొక్వాయ్ అనే ఆరు తెగల సమాఖ్య ఉంది. అందులో సెనెకా ఒక తెగ. ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలో జెనెసీ నది ఒడ్డున 1735లో ఆయన పుట్టాడు. సమాఖ్య పెద్దల సభలో ఒక్కొక్క పెద్దరికానికి తరతరాలుగా వచ్చే పేరు ఉంటుంది. ఈయనకు దక్కిన పేరుకు అందమైన సరస్సు అని అర్థం. ఇంగ్లీషు వాళ్లు దాన్నే హ్యాండ్సమ్ లేక్ అన్నారు. కార్న్‌ప్లాంటర్ అనే పేరుమోసిన నాయకుడు, ఈయన ఒకే తల్లి బిడ్డలు. ఆ తెగలో వంశం తల్లి వైపు నుంచి లెక్క.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సెనెకాల్లో ఎక్కువమంది బ్రిటిష్ వాళ్ల పక్షాన నిలిచారు. 1779లో అమెరికా సైన్యం వచ్చి వాళ్ల ఊళ్లు, మొక్కజొన్న చేలు, పండ్ల తోటలు తగలబెట్టింది. యుద్ధం ముగిశాక ఒప్పందం మీద ఒప్పందం. 1797లో బిగ్ ట్రీ దగ్గర లక్ష డాలర్లకు మిగిలిన భూమిలో దాదాపు అంతా పోయింది. చిన్న చిన్న ముక్కలు మాత్రం దక్కాయి. ఆ కాగితం మీద సంతకం పెట్టిన పెద్దల్లో హ్యాండ్సమ్ లేక్ కూడా ఒకడు. తాగుడు గురించి మాట్లాడేటప్పుడు ఈ భూమి సంగతి వదిలేస్తే కథ తప్పుగా అర్థమవుతుంది. ఆదివాసులు పుట్టుకతోనే తాగుబోతులు అని ఇప్పటికీ అనేవాళ్లు ఉన్నారు. తోళ్లు కొనే వర్తకులు విస్కీ పీపాలతో వచ్చిన తర్వాత, వేటాడే అడవి పోయిన తర్వాత ఆ ఊళ్లలో తాగుడు వరదలా పెరిగింది. అంతకుముందు సెనెకాలకు కాచిన సారా అంటే ఏమిటో తెలియదు. మన ఇప్ప సారా, జీలుగు కల్లు లాంటివి అక్కడ లేవు. అది మనకూ వాళ్లకూ ఉన్న తేడా, గుర్తు పెట్టుకోండి.

మగవాళ్లు శీతాకాలమంతా వేటాడి, ఆ తోళ్లు పడవల్లో వేసుకుని అలెఘెనీ నది మీదుగా పిట్స్‌బర్గ్ వెళ్లేవాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు పడవల్లో విస్కీ పీపాలు ఉండేవి. సంతకు వెళ్లి ఉప్పు, బట్టలు తెస్తాడనుకున్న మనిషి ఎలా వస్తాడో మన గూడేల్లో ఆడవాళ్లను అడగండి, చెబుతారు. 1799 వసంతంలో అలాగే పడవలు వచ్చాయి. కొన్ని వారాల పాటు ఊరు ఊరంతా తాగింది. తలుపులు విరిగాయి, కొట్లాటలు అయ్యాయి, ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని అడవిలోకి వెళ్లి దాక్కున్నారు. అప్పుడు ఆ ఊళ్లో ఉంటున్న క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లు ఇదంతా డైరీల్లో రాసుకున్నారు.

హ్యాండ్సమ్ లేక్ అప్పటికి అరవై దాటినవాడు, ఎముకల గూడు. తాగి తాగి మంచం పట్టాడు. ఆయన కథను నోటితో చెప్పే పరంపరలో అది నాలుగేళ్ల లెక్క. ఆ కథలో మమ్మల్ని బాగా కదిలించిన విషయం ఒకటి ఉంది. చనిపోయినవాళ్ల కోసం, పంట కోసం పాడాల్సిన పవిత్రమైన పాటల్ని ఆయన తాగిన మత్తులో పాడేవాడు. మంచం మీద పడుకుని దాని గురించే కుమిలిపోయేవాడు. పొగ పోయే కంతలోంచి నక్షత్రాలు చూస్తూ, తెల్లారాక సూర్యుణ్ణి చూస్తానో లేదో అనుకునేవాడు. పగటిపూట పక్షుల కూతలు విని, ఇవన్నీ చేసినవాడికి కృతజ్ఞత చెప్పుకునేవాడు. మానాలనే కోరిక మొదట అలా మొలిచింది. కానీ కోరిక ఉన్నా ఆ వసంతంలో పడవలు వస్తే మళ్లీ తాగాడు. ఈ మాట దాచకూడదు.

జూన్ 15న కూతురు ఇంటి బయట చిక్కుళ్లు బాగుచేస్తోంది. ఆయన గుమ్మం దాకా తూలుతూ వచ్చి పడిపోయాడు. పోయాడనుకుని శవానికి బట్టలు కూడా సిద్ధం చేస్తున్నారు. మేనల్లుడు బ్లాక్‌స్నేక్ ఒళ్లంతా తడిమి చూస్తే గుండె దగ్గర ఒక్క చోట వెచ్చగా తగిలింది. కొంతసేపటికి ఆయన కళ్లు తెరిచాడు. బుగ్గలకు ఎర్రరంగు పూసుకున్న ముగ్గురు మనుషులు వచ్చి, పండ్లున్న కొమ్మలు చూపించి, తినమన్నారని చెప్పాడు. విస్కీ మానాలని, స్ట్రాబెర్రీ పండుగ ఎప్పటిలాగే చేసి అందరూ ఆ పండ్ల రసం తాగాలని వాళ్ల ఆదేశం. ఆగస్టు 8న మరో దర్శనం అయింది. అందులో తాగుబోతు చేత కరిగించిన లోహం తాగిస్తున్నట్టు చూశానన్నాడు.

దర్శనాలను నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. ఆయన ఆ తర్వాత ఏం చేశాడన్నది మాకు ముఖ్యం. చనిపోయేదాకా, పదహారేళ్లు, విస్కీ వదిలిన మనిషిగా ఊరూరా తిరిగి మాట్లాడాడు. కరిగిన లోహం భయం కొన్నాళ్లు పనిచేసి ఉంటుంది. భయానికి మా హాస్టల్ పిల్లలే మూడో రోజుకు అలవాటు పడిపోతారు. ఆయన చేసిన మిగతా పనులు చూడండి. తాను చేసిన తప్పులు తానే అందరి ముందు ఒప్పుకున్నాడు, మిగతావాళ్లను కూడా ఒప్పుకోమన్నాడు. పెద్దల సభ కూర్చుని విస్కీ ఊళ్లోకి రాకూడదని తీర్మానించింది. ఒక్కడు మానడం వేరు, ఊరంతా తేకూడదనుకోవడం వేరు. మొగుడూ పెళ్లాల తగాదాలు తగ్గాలని, పిల్లల్ని కొట్టకూడదని చెప్పాడు. వేట లేక ఖాళీగా ఉన్న మగవాళ్లను నాగలి పట్టమన్నాడు. అంతవరకూ పొలం ఆడవాళ్ల పని. 1802లో వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు జెఫర్సన్ ప్రభుత్వానికి భూమి గురించి, సారా గురించి మొరపెట్టుకున్నాడు. ఆ ఏడాదే ఆదివాసులకు సారా అమ్మకాన్ని ఆపే అధికారాన్ని చట్టం అధ్యక్షుడికి ఇచ్చింది. తర్వాత ఆ ఊళ్లకు వచ్చినవాళ్లు తాగుడు బాగా తగ్గిందని రాశారు.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, లేనివి కనబడటం, ఒక్కోసారి ఫిట్స్ రావడం జరుగుతుంది. అది ప్రాణం మీదకు రావచ్చు. దాన్ని గాలి సోకిందని, దయ్యమని అనుకోకండి. ఆసుపత్రికి తీసుకెళ్లండి, మందులున్నాయి. 14446 కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు. ఆ అమ్మాయికి మేము మొదట చెప్పాల్సింది ఇదే, చాలా ఆలస్యంగా చెప్పాం.

హ్యాండ్సమ్ లేక్ చేసినవన్నీ మంచివే అనం. చేతబడి చేస్తున్నారని ఆయన కొందరి మీద నింద వేశాడు. పక్క తెగతో గొడవ యుద్ధం దాకా వెళ్లబోయింది. ఆ నిందల వల్ల ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. రెడ్ జాకెట్ అనే గొప్ప వక్త ఆయన్ను గట్టిగా ఎదిరించాడు. సొంత ఊళ్లోనే మాట చెల్లక ఆయన మరో చోటికి తరలిపోయాడు. చిల్లంగి పేరుతో మన దగ్గర ఏం జరుగుతుందో తెలిసినవాళ్లం కనుక ఈ భాగాన్ని మేము మన్నించలేం. తాగుడు మాన్పించిన మనిషే ఈ పని కూడా చేశాడు.

1815 ఆగస్టులో ఒనొండాగా అనే ఊరు పిలిస్తే వెళ్లాడు. అప్పటికే నలతగా ఉన్నాడు. ఆయన్ను హుషారు పరచాలని ఊరి కుర్రాళ్లు లాక్రోస్ ఆట ఆడారు. 10వ తేదీన చిన్న గుడిసెలో చనిపోయాడు. ఆయన బోధను ఇప్పటికీ ఇరొక్వాయ్ లాంగ్‌హౌస్‌లలో రోజుల తరబడి నోటితో చెబుతారు. 1913లో ఆర్థర్ పార్కర్ అనే సెనెకా సంతతి పండితుడు దాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించాడు.

జూన్‌లో అడవి స్ట్రాబెర్రీలు పండగానే ఆ ఊళ్లలో పండుగ చేస్తారు. పాటలు, డాన్సులు అన్నీ ఉంటాయి. గిన్నెతో రసం చుట్టూ తిరుగుతుంది, పెద్దా చిన్నా అందరూ తాగుతారు. మన దగ్గర సాక పోయకుండా ఏ పూజా జరగదు కదా, అది మానేస్తే దేవుడికి కోపం రాదా అని ఈ కథ విన్న పిల్లలు మమ్మల్ని అడిగారు. దానికి పూజారి తాతలే జవాబు చెప్పాలన్నాం. దేవుడికి పోసే చుక్క ఒకటి, ఆ తర్వాత తెల్లార్లూ తాగేది మరొకటి కదా మేడమ్ అని ఒకమ్మాయి అంది. ఇంకొకతె స్ట్రాబెర్రీ ఎలా ఉంటుందో చూడలేదంది. ఫోన్‌లో బొమ్మ చూపించాం. అంత చిన్న పండుతో గిన్నెడు రసం ఎలా తీస్తారని వాళ్లలో వాళ్లు వాదించుకుని, చివరికి మన దగ్గరైతే నేరేడు పండ్లు చాలని తేల్చారు.