పద్యము విడువని జాషువ

పల్నాటి సీమలో వినుకొండ యను నూరు కలదు. అది పూర్వము గుంటూరు జిల్లాలో నుండెను. 2022వ సంవత్సరము నుండి పల్నాడు జిల్లాలో చేరినది. ఆ యూర 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన గుఱ్ఱం జాషువ జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు. తల్లి లింగమాంబ మాదిగ కులమునకు చెందిన యిల్లాలు. కులము దాటి పెండ్లియాడుట ఆ దినములలో మిక్కిలి అరుదు. వారిది క్రైస్తవ కుటుంబము. అందుచేత బిడ్డకు బైబిలునుండి పేరు పెట్టిరి. మోషే తరువాత ఇశ్రాయేలు ప్రజలను నడిపించిన యెహోషువ పేరే మన భాషలో జాషువ యైనది.

బాలుడైన జాషువ వినుకొండ చుట్టునున్న పచ్చని పొలములలో తిరుగుచు పెరిగెను. బొమ్మలు గీయుట, పాటలు పాడుట వానికి ప్రాణము. ఎవరును నేర్పకయే వచ్చిన విద్యలివి. బడిలో చేరిన తరువాత కష్టములు మొదలయ్యెను. తోటి బాలురును, కొందరు ఉపాధ్యాయులును కులము పేరెత్తి హేళన చేయుచుండిరి. జాషువ తలవంచుకొని యూరకుండు స్వభావము గలవాడు కాడు. మాటకు మాట చెప్పెను. ఒక్కొక్కసారి చేయి కూడ చేసికొనెను. పెద్దవాడైన పిదప చేతిని మాని కలమును పట్టెనేకాని యెదిరించు గుణమును మాత్రము విడువలేదు.

చిన్ననాటి మిత్రులలో దీపాల పిచ్చయ్యశాస్త్రి యొకడు. ఆయనయు తరువాత కవియై పేరు గాంచెను. ఆ స్నేహమువలన జాషువకు పద్యముమీద మనసు నిలిచెను. సంస్కృతము నేర్చుకొనవలెనని కోరిక పుట్టెను. కాని నేర్పువారెవరు? అంటరానివాడని దూరముంచు కాలమది. అట్టి కాలమున జూపూడి హనుమచ్ఛాస్త్రి యను పండితుడు జాషువను శిష్యునిగా గ్రహించి కాళిదాసుని రఘువంశము, కుమారసంభవము, మేఘసందేశము పాఠము చెప్పెను. ఈ మూడు గ్రంథములలో మేఘసందేశమును చదువరులు గుర్తుంచుకొనవలెను. దానితో మనకు ముందు పని కలదు.

1910లో జాషువకు మేరీతో వివాహమయ్యెను. అప్పటికి వరునకు పదునైదేండ్లు. మిషను పాఠశాలలో నుపాధ్యాయ పదవి దొరికెను. జీతము నెలకు మూడు రూపాయలు. ఆ మూడు రూపాయల కొలువును కొంతకాలమునకు పోయెను. పొట్ట చేతబట్టుకొని జాషువ రాజమహేంద్రవరము చేరెను. 1915, 1916 సంవత్సరములలో నక్కడ ఆయన చేసిన పని నేటి బాలురకు వింతగా తోచును. అప్పుడు సినిమాలలో మాటలు లేవు. తెరపై బొమ్మలు కదలుచుండును, పెదవులాడును, శబ్దము మాత్రము వినరాదు. జరుగుచున్న కథ యేమో జనులకు తెలియుట కొక మనుష్యుడు గట్టిగా చెప్పుచుండవలెను. రాజు కోపించినచో రాజువలెను, తల్లి యేడ్చినచో తల్లివలెను పలుకవలెను. ఆ పనివానిని వాచకుడనిరి. ముందు గదిలో నూర్గురు కూర్చుండి యుందురు. వారిలో చదువు వచ్చినవారు కొందరే. మాట స్పష్టముగా నుండవలెను, చివరి వరుసవరకు వినబడవలెను, బొమ్మకంటె ముందు పోరాదు, వెనుకబడరాదు. కడుపు నింపుకొనుటకే యీ పని చేసినను, కవియగు వానికి ఇంతకంటె మంచి పాఠశాల దొరకదని నాకు తోచును. జాషువ పద్యమును చదివినవారు దానిలో కంటికి కనబడు బొమ్మయు, చెవికి వినబడు గొంతుకయు నొక్కమారే యుండుట గమనింపగలరు.

రాజమహేంద్రవరమునుండి మరలి వచ్చిన పిదప గుంటూరులో లూథరను సంఘమువారు నడుపు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పది సంవత్సరములు బోధకుడుగా నుండెను. పగలు పాఠములు, తక్కిన వేళ పద్యములు. జీతము తెచ్చునది ఒకటి, మనసునకు తృప్తి నిచ్చునది మరియొకటి. ఈ రెండవదానినే పెద్దలు ప్రవృత్తి యందురు. 1919లో రుక్మిణీకల్యాణము, 1922లో కుశలవోపాఖ్యానము, 1925లో ధ్రువవిజయము వెలువడెను. పేరులు చూచినంతనే తెలియును, ఇవి భాగవత రామాయణ కథలు. తెలుగునేలపై పుట్టి, వీథినాటకములు చూచి, హరికథలు విని పెరిగిన యువకుడు కావ్యము వ్రాయబూనినప్పుడు చేతికి మొదట తగులునవి ఈ కథలే కదా!

చిక్కు ఇక్కడనే వచ్చెను. ఒకవైపు నుండి కాదు, రెండు వైపులనుండి వచ్చెను.

వినుకొండలో నొకమారు అవధాన సభ జరిగెను. జాషువ సభలో నిలిచి పద్యములు చదివెను. పద్యము బాగుగా నున్నదా లేదా యని విచారించుటకు మారుగా, ఇట్టి కులమువానిని సభలోనికి రానిచ్చిన వారెవరని కొందరు గద్దించిరి. ఇదియొక వైపు. రెండవ వైపున క్రైస్తవ సంఘపు పెద్దలు నిలిచిరి. క్రీస్తును కొలుచు నింట పుట్టి, రుక్మిణి పెండ్లిని కుశలవుల కథను వ్రాయుట యేమని వారు ప్రశ్నించిరి. మాటలతో నాగక, తుదకు జాషువను సంఘమునుండి వెలివేసిరి. తమ కథలను ముట్టరాదని వీరు, పరుల కథలను ముట్టరాదని వారు. నడుమ జాషువ.

ఆ సంఘ పెద్దలను మనము తొందరపడి దూషింపరాదు. వారి భయమునకు మూలము కలదు. వినుకొండ కంత దూరము కాని ఒంగోలులో జాన్ క్లౌ యను అమెరికా బాప్టిస్టు మిషనరీ 1866 నుండి పనిచేసెను. 1878 జులై 3వ తేదీన నొక్కనాడే 2,222 మందికి బాప్తిస్మ మియ్యబడెను. వారిలో పెక్కుమంది మాదిగలు. గ్రామదేవతల జాతరలలో డప్పు వాయించుట వారికి తరతరములుగా విధింపబడిన వెట్టి. క్రొత్త మతము స్వీకరించిన పిదప, విగ్రహముల యెదుట డప్పు కొట్టమని వారు నిరాకరించిరి. దానికి ఊరిపెద్దలు ఆగ్రహించి వారిని బాధలు పెట్టిరి. ఇట్లు డప్పును విడుచుటకై దెబ్బలు తిన్నవారి బిడ్డలకు, మనుమలకు ఆటపాటలన్నను పురాణ కథలన్నను జంకు కలుగుట సహజము. ఒక పాట పాడినచో పాతబంధములన్నియు మరల మెడకు చుట్టుకొనునేమో యని వారనుకొనిరి.

ఇట్టి శంక తెలుగుదేశమున మాత్రమే పుట్టినది కాదు. ఏ వినోదము విశ్వాసికి తగును, ఏది తగదు అను తగవు క్రైస్తవ లోకమున మిక్కిలి పాతది. ఇంగ్లండులో 1618లో జేమ్సు రాజు ఆదివారపు ప్రార్థన ముగిసిన పిదప కొన్ని ఆటలాడుకొనవచ్చునని ప్రకటించెను. ప్యూరిటను మతస్థులకది మింగుడు పడలేదు. వారి బలము పెరిగిన పిదప 1642లో పార్లమెంటు నాటకశాలలను మూయించెను. 1660లో గాని అవి మరల తెరువబడలేదు. అయినను అదే మతములో వేరొక త్రోవయు కలదు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన లేఖలో విశ్వాసి జీవితమును పరుగుపందెముతో పోల్చెను. వేదాంతము చదివిన జేమ్సు నెయిస్మిత్తు 1891లో అమెరికాలో క్రైస్తవ యువజన సంఘపు శిక్షణాలయమున బాస్కెట్‌బాలును కనిపెట్టెను. జాషువ పుట్టిన 1895వ సంవత్సరముననే అదే సంఘమునకు చెందిన విలియం మోర్గను వాలీబాలును కల్పించెను. ఆ సంఘమువారే 1920లో మదరాసులో వ్యాయామ కళాశాలను స్థాపించిరి. బంతిని పట్టుకొన్నంత మాత్రమున విశ్వాసము జారిపోదని వీరు గ్రహించిరి.

పాట విషయమున తెలుగు క్రైస్తవులే యొక మేలు దారి చూపియుండిరి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి మన రాగములలో, మన తాళములలో క్రీస్తును కీర్తించెను. ఆ కీర్తనలను సంఘములు నేటికిని పాడుచున్నవి. అనగా రాగము తమదే యని యొప్పుకొనిరి, తాళము తమదే యని యొప్పుకొనిరి. కథ యొద్దకు వచ్చుసరికి మాత్రము పెద్దలు తలుపు వేసిరి. కథను వ్రాయుట వేరు, దేవుని మార్చుట వేరు అను భేదము వారికి తోచలేదు. తోచియున్నచో తెలుగు సంఘము తన గొప్ప కవిని పోగొట్టుకొనకుండెడిది.

వెలియైన జాషువ యేమి చేసెను? పద్యమును వదలినచో సంఘమున చోటు దొరకియుండును. సంఘములో చోటనగా ఆ దినములలో చిన్న మాట కాదు. పెండ్లికి, చావునకు, కష్టమునకు తోడు నిలుచువారు వారే. జాషువ పద్యమునే ఉంచుకొనెను. 1928 నుండి గుంటూరు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేయుచు విరివిగా వ్రాసెను. గూడు నల్లు గిజిగానిపై వ్రాసెను; వల నేయు సాలీడుపై వ్రాసెను; పసిపాపపై వ్రాసెను. 1932లో ఫిరదౌసి కావ్యము వెలువడెను. పారశీక కవియగు ఫిరదౌసి షానామా వ్రాయగా, బంగారు నాణెము లిత్తునన్న గజనీ మహమ్మదు వెండి నాణెము లిచ్చి వంచించెనని ప్రతీతి. మాట తప్పిన ప్రభువు నెదుట నిలిచిన కవి కథను జాషువ యెంచుకొనుట యూరక జరిగినది కాదు. ముసల్మాను కవి దుఃఖము క్రైస్తవుని యింట పుట్టినవాని పద్యమున, సంస్కృత పండితుడు నేర్పిన శయ్యతో వెలువడెను.

ఇప్పుడు మేఘసందేశమును తలచుకొందము. కాళిదాసుని యక్షుడు ప్రియురాలికి మేఘముచేత వార్త పంపును. 1941లో వెలువడిన గబ్బిలము కావ్యమున జాషువ ఆ పన్నుగడనే గైకొని దానిని తలక్రిందు చేసెను. ఇందు నాయకుడు అంటరానివాడని వెలివేయబడిన పేదవాడు. వాని మొర కాశీలోనున్న శివునికి వినిపింపవలెను. గుడిలోనికి వానికి ప్రవేశము లేదు. గబ్బిలమునకు మాత్రము అడ్డులేదు. అది గర్భాలయపు కప్పునకే వ్రేలాడుచుండును. కనుక గబ్బిలమునే దూతగా పంపును. మనుష్యునకు లేని చనవు పక్షిజాతిలోనే చేరని యీ జీవికి కలదని చూపుటయే కావ్యమునకు ప్రాణము. ఏ కాలక్షేపమును విడువమని సంఘపెద్దలు కోరిరో, దానినుండియే వారి బిడ్డల దుఃఖమును లోకమునకు చాటిన కావ్యము పుట్టెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున జాషువ యుద్ధ ప్రచారకుడుగా పనిచేసెను. 1957 నుండి 1959 వరకు మదరాసు రేడియో కేంద్రమున కార్యక్రమ నిర్మాతగా నుండెను. సన్మానములు పెక్కు వచ్చెను. వానిలో నొకటి చెప్పదగినది. తిరుపతి వేంకట కవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అవధానవిద్యలో మహామహుడు. ఆ వృద్ధకవి స్వయముగా వంగి జాషువ కాలికి గండపెండేరము తొడిగెను. ఒక అవధాన సభలో ఇతనిని రానిచ్చిన వారెవరని గద్దించిన మాట వినుకొండవారిలో నెందరికి అప్పుడు జ్ఞప్తికి వచ్చెనో!

సంఘముతో కలిగిన గాయము మాత్రము మానలేదు. జాషువ క్రమముగా నాస్తికోద్యమమువైపు మొగ్గెను. కుమార్తె హేమలత నాస్తికోద్యమ నాయకుడైన గోరా కుమారుడగు లవణమును వివాహమాడెను. మతములను ఖండించిన యీ కవియే తుదకు క్రీస్తుచరిత్రను పద్యకావ్యముగా రచించెను. సంఘము పంపివేసినను, పేదలను రోగులను చేరదీసిన క్రీస్తును తాను విడిచిపెట్టలేదు కాబోలు. హనుమచ్ఛాస్త్రి యొద్ద కాళిదాసును చదివి సంపాదించిన పలుకుబడియే ఆ చరిత్రకు ఉపకరించెను. ఆ గ్రంథమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి సభ్యునిగా నియమింపబడెను. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదమును, భారత ప్రభుత్వము పద్మభూషణమును ఇచ్చినవి. 1971 జులై 24వ తేదీన జాషువ గుంటూరులో కన్నుమూసెను.

జాషువ వ్రాసిన శ్మశానవాటిక పద్యములు గ్రంథములో నిలిచిపోక రంగస్థలమున కెక్కినవి. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకము ఆడునప్పుడు, కాటిసీనులో నటులు ఆ పద్యములను చేర్చి పాడుట ఆచారమైనది. తిరునాళ్లలో తెల్లవారుజాము వేళ, హార్మోనియము శ్రుతి పట్టగా, గొంగడి కప్పుకొన్న హరిశ్చంద్రుడు వానిని రాగము తీసి పాడును. నిద్రకు తూలుచున్న జనము లేచి కూర్చుండి, మరల పాడుమని వన్స్‌మోరు కొట్టుదురు.