ఎలియటు దొర నాణెములు

కూచిపూడికి అనతిదూరమున ఘంటసాల యను గ్రామము కలదు. గ్రీకు భూగోళవేత్త టాలమీ పేర్కొనిన కంటకస్సిల యను రేవు ఇదియే యని చరిత్రకారులు నిర్ణయించిరి. ఘంటసాలలోను, గుడివాడ దిబ్బలలోను శాతవాహనుల కాలపు సీసపు నాణెములు దొరకినవి. మట్టిపట్టి, అంచులు తరిగి, గవ్వకైనను కొరగానట్లు కనబడు ఇట్టి బిళ్లలయందు దేశచరిత్ర దాగియున్నదని గ్రహించిన తొలివారిలో సర్ వాల్టరు ఎలియటు ఒకరు.

ఆయన 1803వ సంవత్సరమున స్కాట్లండు దేశమునందలి ఎడింబరో నగరమున జన్మించెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున కంపెనీ కొలువుకై చెన్నపట్టణము చేరెను. 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ కంపెనీపై తిరుగబడినపుడు ఆమె సేనలకు చిక్కి, కొన్ని వారములు బందీగా నుండెను. విడుదలయైన పిమ్మట కన్నడ దేశమున ఉద్యోగము చేయుచు, పాడుపడిన దేవాలయముల చుట్టును తిరిగి, దాదాపు ఆరువందల శాసనములకు ప్రతులు వ్రాయించెను. చాళుక్యరాజుల వంశక్రమమును తొలుత కూర్చినది ఈ శాసనముల బలముననే. శాసనములు చెప్పని సంగతులను నాణెములు చెప్పగలవను నమ్మకము ఆయనకు అప్పుడే కలిగి యుండవచ్చును.

డొక్కల కరువుచే గుంటూరు సీమ నాశనమైనది. అచటి స్థితిగతులను విచారించుటకు ప్రభుత్వమువారు ఎలియటును పంపిరి. 1845 మొదలు 1854 వరకు ఆయన ఉత్తర సర్కారులకు కమీషనరుగా నుండెను. ఆ కాలముననే అమరావతి దిబ్బను త్రవ్వించి, పాలరాతివంటి శిల్పఫలకములను చెన్నపట్టణమునకు తరలించెను. అవి అచట పెక్కేండ్లు ఎండవానలకు గురియై, 1859లో లండనుకు ఓడనెక్కినవి. కృష్ణాతీరపు శిల్పములకు బ్రిటిషు మ్యూజియమున ఎలియటు పేరు నిలిచినది. అవి మన నేలను విడిచిపోవుట నేటికిని ఆంధ్రులను నొప్పించు విషయమే.

నాణెముల కథ వేరు. దున్నునపుడో, పునాదులు త్రవ్వునపుడో దొరకిన పాత నాణెము ఆ రోజులలో తిన్నగా కంసాలి మూసకు పోయెడిది. కరగినచో బంగారమో, వెండియో మిగులును. రాజు పేరు మిగులదు. సముద్రతీరమున గాలివాన వెలిసిన పిమ్మట పేదలు ఇసుకలో ఏరుకొను చిన్న రాగిబిళ్లలను సైతము ఎలియటు విడువలేదు. వానిలో రోమను నాణెములును కలవు. తీరము వెంబడి దొరకిన సీసపు నాణెములపై రెండు తెరచాపకొయ్యలు గల ఓడ బొమ్మ యుండెను. మనవారి సముద్రవ్యాపారమునకు అంతకంటె తిరుగులేని సాక్ష్యము అరుదు.

వింత ఆకారము గల దేశదేశముల నాణెములను నేడు పలువురు ముచ్చటకై కూర్చుదురు. నడుమ చదరపు రంధ్రము గల చైనా నాణెము అట్టివానిలో ప్రసిద్ధము. నాణెము ఆ రూపమున ఏల నున్నదని ప్రశ్నించినచో చరిత్ర మొదలగును. మన దేశపు మిక్కిలి ప్రాచీనమైన నాణెములను చూడుడు. వెండిరేకును ముక్కలుగా కత్తిరించి, తూకము సరిపడుటకై మూలలు చెక్కి, సూర్యుడు, చెట్టు, కొండ మున్నగు గుర్తులను విడివిడి ముద్రలతో కొట్టెడివారు. అందుచే ఒకటి చదరముగా నుండును. మరియొకటి విరిగిన అప్పడపు తునకవలె నుండును. తూకమే ముఖ్యము, ఆకారముతో పనిలేదు. పద్మటంకములను బంగారు నాణెములు ముద్రల దెబ్బలకు దొప్పవలె గుంటపడి యుండును.

వేంగీ చాళుక్యుల నాణెములు ఇంకను విచిత్రములు. తమలపాకువలె పలుచనై వెడల్పుగానున్న బంగారు రేకు నడుమ వరాహము. చుట్టును అక్షరములు ఒక్కొక్కటి ఒక్కొక్క ముద్రతో కొట్టినవి. శక్తివర్మ నాణెములును, నన్నయభట్టును ఆదరించిన రాజరాజనరేంద్రుని నాణెములును సముద్రము కావల అరకాను తీరపు దీవిలోను, సయాము దేశమునందును బయల్పడినవి. గోదావరీ కృష్ణల నడుమ పుట్టిన బంగారము అంతదూరమెట్లు పోయెనో ఊహించుట కష్టము కాదు. మన రేవులనుండి ఓడలు పోయినవి.

ఎలియటు 1857 ప్రాంతమున తన పరిశీలనలను మద్రాసు పత్రికలో ప్రకటింప మొదలిడెను. 1860లో ఉద్యోగము విరమించి స్వదేశమునకు మరలెను. దక్షిణదేశపు నాణెములపై సమగ్రమైన గ్రంథము ఇంకను మిగిలియుండెను. ఇంతలో చూపు మందగింప సాగెను. అరిగిన అంచులను, సగము చెరగిన అక్షరములను పోల్చుకొనుటయే పనిగా గల వానికి అంతకు మించిన ఆపద వేరేమి కలదు? అయినను ఆయన పట్టు విడువలేదు. కన్నులు దాదాపు పూర్తిగా పోయిన దశలో, జ్ఞాపకశక్తిని, పరుల సాయమును ఆధారము చేసికొని, ఎనుబది రెండేండ్ల వయస్సున, 1885లో, ఆ గ్రంథమును వెలువరించెను. ఆయన కూర్చిన నాణెములు బ్రిటిషు మ్యూజియము చేరినవి. శాతవాహనుల నాణెములపై పిమ్మట వ్రాసిన పండితులకు అవి ఆధారములైనవి.

1887 మార్చి 1వ తేదీ ఉదయమున ఆయన తమిళ పండితుడైన పోపు గారికి ఒక లేఖ చెప్పి వ్రాయించెను. వెలువడనున్న కురళ్ గ్రంథమును గూర్చియు, తాను పూర్వము పంపిన సూచనలను గూర్చియు అందు విచారించెను. చూపులేకున్నను తన చేతితోనే సంతకము చేసెను. ఆ సాయంకాలమే కన్నుమూసెను.