నేలతల్లి శిష్యుడు: సర్ ఆల్బర్ట్ హోవర్డ్

రైతుకు పాఠం చెప్పడానికి వచ్చి, రైతు వద్దనే పాఠం నేర్చుకొన్న విద్వాంసుడు సర్ ఆల్బర్ట్ హోవర్డ్. సేంద్రియ వ్యవసాయానికి మూలపురుషులలో ఒకరుగా లోకం కొనియాడే ఈ మహనీయుని జీవితాన్ని విద్యార్థి లోకానికి పరిచయం చేయదలచినాము.

హోవర్డు గారు 1873 డిసెంబరు 8న ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ మండలంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, 1899లో వెస్టిండీస్ దీవులకు వెళ్ళి పైరుల తెగుళ్ళను పరిశోధించారు. అయితే తాము ఇచ్చే సలహాను స్వయంగా ఆచరించి చూచుటకు అక్కడ వారికి సెంటు భూమి లేదు. ఈ వెలితి వారిని ఎంతగానో బాధించింది.

1905లో బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో ఉద్యోగం లభించడంతో ఆ వెలితి తీరింది. వారి అర్ధాంగి గాబ్రియేల్ కూడా వృక్షశాస్త్రంలో పేరుగన్న పండితురాలు. ఆ దంపతులు కలసి రూపొందించిన పూసా గోధుమ రకాలు విశేష ప్రచారం పొందాయి. ఐనా నేల నిస్సారమైతే మేలురకం విత్తనమైనా పూర్తి ఫలం ఈయదని హోవర్డు గారు గ్రహించారు. చుట్టుప్రక్కల రైతుల సేద్యాన్ని శ్రద్ధగా పరిశీలించారు. తెగులును శత్రువుగా గాక, సేద్యంలోని లోపాన్ని తెలిపే గురువుగా భావించారు.

1924లో ఇండోరులో స్థాపితమైన పరిశోధన సంస్థకు వారు సారథ్యం వహించారు. ఆ రోజులలో మన పల్లెలలో పేడ చాలవరకు పిడకలై పొయ్యి పాలయ్యేది. పొలానికి దక్కేది స్వల్పం. ఈ చిక్కుకు వారు వెదకిన పరిష్కారమే ఇండోరు పద్ధతి. పత్తి కట్టెలను బండ్లదారిలో పరచి చక్రాల క్రింద నలగనిచ్చేవారు. ఆకులు, కలుపు మొక్కలు, కొద్దిపాటి పేడ, పశువుల మూత్రంతో తడిసిన మట్టి, కట్టెల బూడిద పొరలు పొరలుగా పేర్చి, నీరు చల్లి, గాలి సోకునట్లు అప్పుడప్పుడు తిరగవేసేవారు. సూక్ష్మజీవులు పనిచేయగా కుప్ప వేడెక్కి, సుమారు మూడు నెలలలో చక్కని ఎరువు సిద్ధమయ్యేది. కొద్ది పేడతో ఎక్కువ ఎరువు లభించడమే ఇందలి విశేషం. సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలసి 1931లో ఈ పద్ధతిని గ్రంథస్థం చేశారు. అంతకు ముందటి ఏడే, 1930లో, గాబ్రియేల్ కన్నుమూశారు. వారి కృషికి తగిన కీర్తి దక్కలేదని మేము భావిస్తున్నాము.

1934లో హోవర్డు గారికి సర్ బిరుదు లభించింది. 1940లో వెలువడిన వారి వ్యవసాయ గ్రంథం దేశదేశాల రైతులను ఆలోచింపజేసింది. 1947 అక్టోబరు 20న వారు పరమపదించారు.

వారి మాటలన్నీ నేటి శాస్త్రం అంగీకరించదు. సారవంతమైన నేలలో పెరిగిన మేత తిన్నందువలననే తమ ఎద్దులకు గాలికుంటు సోకలేదని వారు నమ్మారు. ఆ రోగానికి టీకా తప్పదని నేడు మనమెరుగుదుము. కాని నేల ప్రాణమున్న పదార్థమనీ, తీసుకొన్నదానిని దానికి తిరిగి ఈయవలెననీ వారు చేసిన బోధ నేటికీ నిలిచియున్నది.

విద్యాలయాల ఆవరణలలో రాలిన ఆకులను ఊడ్చి తగులబెట్టడం మనకు అలవాటు. మన కళాశాల కమిటీ పెద్దలు ఆవరణలో ఒక మూల ఎరువు గుంతకు చోటు కేటాయించి, విద్యార్థులు దాని బాధ్యత స్వీకరిస్తే, హోవర్డు గారి పాఠం మన చేతులకే అందగలదని మా మనవి.