రిచర్డ్ రైట్

రిచర్డ్ విలియం రైట్ (జూలై 28, 1943 - సెప్టెంబరు 15, 2008) ఇంగ్లాండుకు చెందిన రాక్ సంగీతకారుడు, పాటల రచయిత. పింక్ ఫ్లాయిడ్ బృందపు స్థాపక సభ్యులలో ఒకడు. హార్మోనియం వలె మెట్లు నొక్కి వాయించే ఆర్గాన్, పియానో, సింథసైజరు ఇతని వాద్యములు.

బాల్యము, విద్య

రైట్ లండన్ శివారులోని హాచ్ ఎండ్‌లో జన్మించాడు. పన్నెండేళ్ళ వయసులో కాలు విరిగి ఇంటిపట్టున ఉన్న రోజులలో గిటారు, ట్రంపెట్, పియానో తనంతట తానే నేర్చుకొన్నాడు. జాజ్ సంగీతమంటే ఇతనికి మక్కువ. 1962లో వాస్తుశిల్పము చదువుటకు లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో చేరి, అక్కడ రోజర్ వాటర్స్, నిక్ మేసన్‌లతో కలసి వాయించడము మొదలుపెట్టాడు. సిడ్ బారెట్ రాకతో 1965లో పింక్ ఫ్లాయిడ్ రూపుదిద్దుకొన్నది.

సంగీత ప్రస్థానము

మొదట్లో పాటలన్నీ దాదాపు బారెట్‌వే. 1968లో అతడు వైదొలగి డేవిడ్ గిల్మోర్ కుదురుకొన్న తరువాత రైట్ బాణీలకు చోటు పెరిగింది. 1971 నాటి "ఎకోస్" ఆరంభములో నీటిబొట్టు వలె వినిపించే ధ్వని, తిరిగే లెస్లీ స్పీకరు గుండా పంపిన ఇతని పియానో స్వరమే.

1973లో వచ్చిన "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" ఆల్బములో ఇతని ప్రతిభ పరిపూర్ణముగా కనబడుతుంది. "అజ్ అండ్ దెమ్" బాణీని ఆంటోనియోని తీసిన "జబ్రిస్కీ పాయింట్" (1970) చిత్రము కొరకు కట్టగా దర్శకుడు తిరస్కరించాడు. తరువాత దానికి వాటర్స్ సాహిత్యము వ్రాశాడు. "ది గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై"లో రైట్ పియానోపై క్లేర్ టోరీ పాడినది మన ఆలాపన వలె మాటలు లేని గానము. ఆమె కోర్టుకెక్కిన పిమ్మట 2005లో రాజీ కుదిరి, ఆమె పేరు కూడా స్వరకర్తగా చేరింది.

తొలగింపు, పునరాగమనము

"ది వాల్" (1979) రికార్డింగు నాటికి బృందముపై వాటర్స్ ఆధిపత్యము పెరిగింది. రైట్ తగినంత పని చేయడము లేదన్నది అతని ఫిర్యాదు. వేసవి సెలవులు కుదించుకొని రికార్డింగుకు వచ్చుటకు రైట్ నిరాకరించడముతో వివాదము ముదిరి, ఇతడు సభ్యత్వము వదులుకోవలసి వచ్చింది. తాను స్థాపించిన బృందములోనే 1980-81 కచేరీలలో జీతగాడిగా వాయించాడు! ఇందులో ఒక విచిత్రమున్నది. భారీ రంగాలంకరణ ఖర్చు వలన ఆ కచేరీలలో మిగిలిన ముగ్గురూ నష్టపోగా, జీతము పుచ్చుకొన్న రైట్‌కు మాత్రమే లాభము మిగిలింది. 1983 నాటి "ది ఫైనల్ కట్"లో ఇతడు లేడు.

వాటర్స్ నిష్క్రమించిన తరువాత 1987లో తిరిగి వచ్చాడు, అదీ మొదట జీతము మీదనే. "ది డివిజన్ బెల్" (1994)లో ఐదు పాటల స్వరరచనలో పాలుపంచుకొని, ఒకదానిలో ప్రధాన గాత్రము కూడా అందించాడు. సొంతముగా "వెట్ డ్రీమ్" (1978), "బ్రోకెన్ చైనా" (1996) ఆల్బములు వెలువరించాడు.

చివరి రోజులు

2005 జూలై 2న లండన్ హైడ్ పార్కులో జరిగిన లైవ్ 8 కచేరీలో వాటర్స్, గిల్మోర్, మేసన్, రైట్ నలుగురూ 24 ఏళ్ళ తరువాత ఒకే వేదికపై వాయించారు. మరుసటి సంవత్సరము గిల్మోర్ సొంత కచేరీలలో పాల్గొన్నాడు. 2008లో క్యాన్సరు వ్యాధితో 65వ ఏట మరణించాడు. 1993లో ఇతడు, గిల్మోర్, మేసన్ కలసి రికార్డు చేసిన సంగీతము ఆధారముగా 2014లో "ది ఎండ్‌లెస్ రివర్" వెలువడింది. అందులో అధిక భాగము గాత్రము లేని వాద్యసంగీతమే.