ఇమ్రోజ్ అంటే ఈ రోజు

సెప్టెంబర్ 17 దగ్గర పడిందంటే తెలంగాణలో షోయబుల్లా ఖాన్ పేరు వినిపిస్తుంది. ఎలా చనిపోయాడో చాలామందికి తెలుసు. ఎవరి కోసం రాశాడు అన్నది మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం. నాకు ఆయన జీవితంలో అదే అసలు విషయం అనిపిస్తుంది.

1920 అక్టోబర్ 17న ఖమ్మం ప్రాంతంలోని సుబ్రవేడులో పుట్టాడు. తండ్రి హబీబుల్లా ఖాన్ పోలీసు శాఖలో పనిచేసేవాడు. కొడుకు ఉస్మానియాలో బి.ఏ. చదివాడు. అప్పట్లో అక్కడ సైన్స్‌తో సహా అన్నీ ఉర్దూలోనే చెప్పేవాళ్ళు. (తెలుగులో కోడింగ్ క్లాస్ అంటే నవ్వే మనకి ఇది వింతే.) చేతిలో డిగ్రీ ఉంది, సర్కారు భాష వచ్చు, నాన్నది సర్కారు కొలువు. తనూ హాయిగా ఒక ఉద్యోగం చూసుకోవచ్చు. వెళ్ళి తేజ్ అనే ఉర్దూ పత్రికలో చేరాడు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అక్కడి నుంచి మందుముల నరసింగరావు గారి రయ్యత్‌కి వెళ్ళాడు. 1947లో దాన్నీ మూయించారు.

రెండు పత్రికలు పోయాక ఎవరైనా వేరే పని వెతుక్కుంటారు. ఈయన తనే ఒకటి పెట్టాడు. 1947 నవంబర్ 15న హైదరాబాద్ కాచిగూడలో ఇమ్రోజ్ మొదలైంది. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని. బూర్గుల రామకృష్ణారావు గారి లాంటి వాళ్ళు అండగా నిలబడ్డారు.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది కానీ హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలవలేదు. ఏడో నిజాం విడిగా ఉంటానన్నాడు. లాతూర్ వకీలు కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ళ మీద పడి దోచుకుంటున్నారు, చంపుతున్నారు. ఇమ్రోజ్ ఆ దాడుల్ని రాసింది. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలంది, సంస్థానం ఇండియాలో కలవాలంది.

ఇప్పుడు అసలు పాయింట్. రజాకార్లు ఏం చేస్తున్నారో తెలుగు పల్లెల్లో జనానికి ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ళ మీదే జరుగుతోంది. షోయబుల్లా రాసింది ఉర్దూలో. అంటే అది చదివేది ఆఫీసర్లు, వకీళ్ళు, సిటీలోని చదువుకున్న ముస్లింలు. నిజాం పోతే మన గతి ఏంటి అని భయపడుతున్నవాళ్ళు వాళ్ళల్లోనే ఎక్కువ. రజ్వీ ఆ భయాన్నే వాడుకున్నాడు. షోయబుల్లా తన సొంత వాళ్ళ ముందు, వాళ్ళ భాషలోనే, వాళ్ళు వినడానికి ఇష్టపడని మాట రాశాడు. అవతలి వాళ్ళని తిడుతూ పోస్ట్ పెట్టి మనవాళ్ళ లైకులు తెచ్చుకోవడం ఎంత ఈజీయో మనందరికీ తెలుసు. ఆయన చేసింది దానికి పూర్తిగా రివర్స్. రజ్వీకి అందుకే అంత మంట అని నా అభిప్రాయం. బయటివాడు తిడితే శత్రువు అని కొట్టిపారేయొచ్చు, మరి ఇంట్లోవాడే లెక్క అడిగితే?

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు సంస్థానం ఇండియాలో కలవాలని ఒక ప్రకటన ఇచ్చారు. ఇమ్రోజ్ దాన్ని అచ్చు వేసింది. ఆ నెలలోనే ఒక సభలో రజ్వీ, తమకి ఎదురు తిరిగే చేతులు తెగుతాయని బెదిరించాడని చెబుతారు. బెదిరింపులు అంతకుముందు నుంచే వస్తున్నాయి. పేపర్ మాత్రం ఆగలేదు.

ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి ఇంటికి బయలుదేరాడు. దారిలో కాచేసి తుపాకీతో కాల్చారు. రాసే చేతిని నరికారు. అడ్డం వచ్చిన ఇస్మాయిల్ మీద కూడా కత్తి పడింది, ఆయన బతికాడు. షోయబుల్లా 22 తెల్లవారుజామున చనిపోయాడు. ఇమ్రోజ్ వచ్చింది తొమ్మిది నెలలే.

సెప్టెంబర్ 13న ఇండియన్ ఆర్మీ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. షోయబుల్లా పోయి అప్పటికి 26 రోజులు. ఇంకొక్క నెల ఉంటే ఆయనకి 28 నిండేవి.